చీర తిరగని డ్రయ్యరు

జనక్‌పురిలో మేము అద్దెకు తీసుకున్నది కిటికీ లేని బేస్‌మెంటు. లోపలికి ఒకటే తలుపు, బయట వీధిలోకి ఎక్కే మెట్లు, పైన ఇంటావిడ గుమ్మం. ఆవిడని అందరూ ఆంటీ అనేవారు, ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా. తాళంచెవులు ఇచ్చేటప్పుడు ఆంటీ ఒక్క షరతు పెట్టింది. తన మెట్ల మీద గానీ రెయిలింగు మీద గానీ తడిబట్ట కనిపిస్తే షాపు ఖాళీ చెయ్యాలి. ఆ మాట అగ్రిమెంటులోకి కూడా ఎక్కించింది.

అప్పటికి నేను ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఇరవై ఏళ్ళు పనిచేసి, వాళ్ళు షిఫ్టు ఎత్తేసినప్పుడు ఇచ్చిన డబ్బు తీసుకుని బయటికి వచ్చాను. మా ఆవిడ తమ్ముడు మిలిటరీలో పనిచేసి కంటోన్మెంటులో రిటైరయ్యాడు. ఇద్దరి సొమ్మూ కలిపి నాణెం వేస్తే నడిచే లాండ్రీ పెట్టాం. అందులో నన్ను లాగింది ఒక్కటే, దానికి మనిషి అక్కర్లేదు. నాణెం వేస్తే తిరుగుతుంది, టైమైపోతే ఆగుతుంది. ఇరవై ఏళ్ళు ట్యూబ్‌లైటు కింద కూర్చున్నవాణ్ణి. పొద్దున్న తలుపు తీసి, సాయంత్రం తలుపు వేస్తే చాలనుకున్నాను.

ఉతికే మిషన్లు సులువుగానే కుదిరాయి. చిక్కంతా డ్రయ్యర్ల దగ్గరే. డీలరు దగ్గర రెండు సైజులున్నాయి. చిన్నదాంట్లో ఆరు కిలోల బట్టలు పడతాయి, పెద్దదాంట్లో పదిహేను. పెద్దది దింపాలంటే తలుపు చౌకట్టు ఊడదియ్యాలి. రంగులు వేసేలోపు కావాలంటే ఒక్కసారి ఊడదీసుకోండి, తర్వాత దాన్ని ముట్టుకుంటే ఊరుకోను అంది ఆంటీ.

నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం స్టోర్సులో నాకు నేనే నేర్చుకున్నాను. స్ప్రింగు త్రాసు తెచ్చి మా ఇంటి బట్టలూ, చుట్టుపక్కల నాలుగిళ్ళ బట్టలూ పొడివి తూచాను, ఉతికి పిండాక మళ్ళీ తూచాను. ఒక జీన్సు ప్యాంటు నాలుగు చొక్కాలంత నీళ్ళు తాగుతుంది. చీర చాలా తక్కువ తాగుతుంది. నా తూకం ప్రకారం చీర అంత మర్యాదగల బట్ట ఇంకోటి లేదు. ఏ ఇంటి మూటా అయిదు కిలోలు దాటలేదు.

"పెద్దదే తీసుకుందాం బావా," అన్నాడు బావమరిది. "యూనిట్‌లో దుప్పట్లన్నీ ఒకేసారి పడేసేవాళ్ళం."

"మీ యూనిట్‌లో అందరివీ ఒకటే దుప్పట్లు. ఇక్కడ ఎవరి బట్టలు వాళ్ళవి. పక్కింటివాళ్ళ బట్టలతో కలిపి ఎవరు వేస్తారు?"

"అచ్ఛా, ఠీక్ హై. లెక్క నీది, నష్టం ఇద్దరిదీ," అని నవ్వాడు.

చిన్నవే రెండు దింపాం. చౌకట్టుకి సిమెంటు పూసి రంగు వేశారు. ధర నేనే కట్టాను. మీటరు చూసి కరెంటు ఖర్చు తీసి, అద్దె కలిపితే నలభై నిమిషాలకి అయిదు రూపాయలు తేలింది. ఒక బిళ్ళ వేస్తే ఒక మూట ఆరుతుంది. చిల్లర గొడవ లేదు, నేను అక్కడ ఉండాల్సిన పనీ లేదు.

జనవరిలో పొగమంచు పట్టింది. రోజుల తరబడి ఎండ లేదు. ఇళ్ళల్లో బట్టలు ఆరక వాసనలు వస్తుంటే జనం మా మెట్లు దిగారు. గదుల్లో ఉండే ఉద్యోగం కుర్రాళ్ళ చొక్కాలూ ప్యాంట్లూ చక్కగా ఆరాయి. ఆదివారం నాడు ఆడవాళ్ళు చీరలు తెచ్చారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. నేను భోజనానికి ఇంటికి వెళ్ళాను. మనిషి అక్కర్లేని షాపు కదా.

తిరిగి వచ్చేసరికి మెట్ల పక్కన రెయిలింగు పొడుగునా మూడు చీరలు వేలాడుతున్నాయి. కింద ఒకావిడ నాలుగోదాన్ని చేత్తో పట్టుకుని నా మీదికే వచ్చింది.

"ఏంటంకుల్ ఇది? చీర ఆరబెట్టమంటే మోకు పేనింది మీ మిషను!"

పట్టుకుని చూశాను. పైన చెయ్యి కాలుతోంది. మెలి విప్పితే లోపల నీళ్ళు కారుతున్నాయి. ఆరు గజాల గుడ్డ ఆ చిన్న డ్రమ్ములో పరుచుకోలేక తనకు తనే చుట్టుకుంటోంది. ఇంకో బిళ్ళ వేస్తే ఇంకాస్త బిగుస్తోంది. నేను బరువు కొలిచాను. పొడుగు కొలవాలని నాకు తోచలేదు.

పైనుంచి ఆంటీ గొంతు వినిపించింది. "భయ్యా, యే క్యా హై? మా ఇంటికి పెళ్ళి పందిరి వేశారా?"

చేతులు జోడించాను. వచ్చే ఆదివారం దాకా చూస్తానంది. అప్పుడు ఒక్క బట్ట కనిపించినా తాళంచెవులు ఇచ్చెయ్యాలి.

అవతల పెద్ద డ్రయ్యరు ఉంది, ఇవతల సిమెంటు పూసిన చౌకట్టు ఉంది. చీరలు తీసుకోము అని బోర్డు పెడితే సగం గిరాకీ పోతుంది. షాపు ఖాళీ చేస్తే ఇద్దరి సొమ్మూ ఆ నేలలోనే పోతుంది. ఏ వైపు నుంచి కూడినా నేను అదే గదిలో తేలుతున్నాను.

"బావా, నీ త్రాసుని కూడా ఒకసారి డ్రయ్యర్లో వెయ్యి, బుద్ధి వస్తుంది," అన్నాడు బావమరిది.

మర్నాడు మా ఆవిడ తన చీర ఒకటి తెచ్చి వేసింది. కాసేపు తిరగనిచ్చి డ్రయ్యరు తలుపు లాగింది. మిషను ఆగింది. చీర బయటికి తీసి, ఒక కొస నాకిచ్చి, గట్టిగా దులిపి మళ్ళీ వేసింది.

"తీగ మీద వేసేముందు దులపమా? ఇదీ అంతే."

అలా నాలుగుసార్లు దులిపాక చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆరింది. కానీ తలుపు తీసినా టైము నడుస్తూనే ఉంటుంది. డబ్బులు వేసిన మిషన్ని మధ్యలో ఎవరు ఆపుతారు? నేనైతే ఆపను. మిషనే తనంతట తాను ఆగాలి. అందుకని ఫరీదాబాద్‌లో తెలిసిన మెకానిక్ చేత నాణేల పెట్టెలు మార్పించాను. ఒక రూపాయికి ఎనిమిది నిమిషాలు, ఆగినప్పుడల్లా దులిపి ఇంకో రూపాయి వెయ్యాలి. ధర పైసా మారలేదు, టైమునే ముక్కలు చేశాను.

లెక్క సరిపోయింది. దులపడానికి మాత్రం రెండో మనిషి కావాలి. మా ఆవిడకి స్కూలు ఉద్యోగం. బావమరిదికి చీర పట్టుకోవడం నామోషీ. గది పదకొండు అడుగులు, చీర పద్ధెనిమిది. సగానికి మడిచి రెండు వైపులా నిలబడి దులపాలి. మొదట వచ్చినావిడ పరాయి మగవాడికి చీర ఇవ్వాలా అని కాస్త ఆలోచించింది. తర్వాత రెండు మూలలు నా చేతిలో పెట్టింది.

"అంత గట్టిగా లాగకండి అంకుల్, చిరుగుతుంది. నేలకి తగలనివ్వకండి!"

ఆదివారం ఆంటీ మెట్లు దిగి వచ్చింది. రెయిలింగు చూసింది. లోపల ఎవరిదో చీర పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డ నన్నూ చూసింది.

"ఠీక్ హై. మూడేళ్ళ అగ్రిమెంటు కదా, హాయిగా ఉండండి," అంది.

కాసేపటికి పైనుంచి బావమరిది పిలిచాడు. "బావా, ఎండొచ్చింది! చాయ్ తెప్పించాను, పైకి రా!"

నిజంగానే మెట్ల చివర కాస్త వెలుగు పడుతోంది. రెండు మెట్లు ఎక్కాను.

"అంకుల్, ఆగింది!" అని వెనక నుంచి కేక.

కిందికి దిగి, మూలలు పట్టుకున్నాను.