మా చేనికి కట్టిన జింక బొమ్మ

మా బడికి ఆ అట్టపెట్టె వచ్చిన రోజు దాన్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పైన పెద్ద అక్షరాలతో 'ఉచితం' అని రాసి ఉంది. ఉచితంగా వచ్చిన ప్రతిదాని వెనకా ఒక సంతకమో, ఒక మీటింగో ఉంటుందని మా స్టాఫ్‌రూములో అందరికీ అనుభవమే. చివరికి హెడ్మాస్టరు, సైన్సు చెప్పేది నేనే కాబట్టి పెట్టె కూడా నాదేనని తేల్చేశారు.

పట్నంలో వన్యప్రాణుల కోసం పనిచేసే వాళ్ళెవరో పల్లెటూరి బడులకు పంపించిన సామాను అది. విప్పి చూస్తే, నిజం చెప్పొద్దూ, బాగుంది. పిట్టల చార్టులు, పాముల చార్టులు, పిల్లలు రంగులేసుకునే పుస్తకాలు, అట్టతో చేసిన జంతువుల మొహాలు, 'మన చుట్టుపక్కల వన్యప్రాణులు' అని ఒక చిన్న పుస్తకం. గుంటనక్క, ఉడుము, జెర్రిపోతు, కౌజు పిట్ట, అన్నీ మా గుట్టల మీద తిరిగేవే. పులి బొమ్మ ఒక్కటి కూడా లేదు. తెలుగు కూడా మనుషులు మాట్లాడే తెలుగే. ఇంత శ్రద్ధగా చేసి ఊరికే ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు.

పెట్టె అడుగున ఒక ఫ్లెక్సీ చుట్టి ఉంది. పరిస్తే రెండు మంచాలంత. మెలికలు తిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, కళ్ళ చుట్టూ తెల్లటి వలయాలతో ఒక మగ కృష్ణజింక మనవైపే సూటిగా చూస్తూ ఉంటుంది. కింద ఇలా రాసి ఉంది: 'నేను మీ రాష్ట్ర జంతువును. నన్ను బతకనివ్వండి.' బడి గోడ మీద కడదామంటే హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. ఆ గోడ నాయకుల ఫ్లెక్సీలకు ఉండాలట. ఎలుకలు కొట్టేస్తాయని దాన్నీ, ఆ చిన్న పుస్తకాన్నీ ఇంటికి తెచ్చుకున్నాను.

ఇల్లంటే మా అమ్మానాయనల ఇల్లు. మా ఆయనకు గుత్తిలో రైల్వే ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. నా బడి బెళుగుప్ప వైపు, మా పుట్టింటికి దగ్గర. అందుకని నేను ఇక్కడే ఉంటాను.

జింకల్ని చూడటానికి మా వైపు కెమెరాలు తగిలించుకుని కార్లలో వస్తారు. మేం మాత్రం కెమెరాల వాళ్ళను చూస్తాం. జింకలు మాకు కొత్త కాదు. వాన పడి నేల తడిసిన పదునుకు వేరుశనగ విత్తి, మొలక నాలుగాకులు వేసేసరికి గుట్ట దిగి మందగా వస్తాయి. పొద్దున ఎండెక్కకముందు ఒకసారి, సాయంత్రం పొద్దు వాలాక ఒకసారి. మొలక కొసల్ని మంగలి కత్తెరతో కత్తిరించినట్టు కొరుక్కుంటూ పోతాయి. మళ్ళీ వాన పడితే ఆ మొక్క తేరుకుంటుంది. మా దగ్గర ఆ 'మళ్ళీ' అనేదే ఉండదు. వాటి మీద చెయ్యి వేస్తే జైలని నాయనకు బాగా తెలుసు. చట్టంలో మిగతా సంగతులేవీ ఆయనకు తెలియవు.

ఆ ఏడాది వాన ఆలస్యంగా, ఒక్కసారే పడింది. ఉన్న విత్తనమంతా నాయన ఆ పదునులోనే వేసేశాడు. రెండోసారి వేయడానికి ఇంట్లో గింజ లేదు. ఆ మొలక నిలిస్తే పంట, లేకపోతే ఆ ఏడు లేనట్టే.

మా వైపు కంచె అంటే చీరలే. చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కడతారు. గాలికి ఎగురుతుంటే జింకలూ పందులూ బెదురుతాయని. అమ్మ పెళ్ళైనప్పటి నుంచి కట్టి విడిచిన చీరలన్నీ మా చేనికే పోయాయి. ఎండకు రంగు విరిగి అన్నీ ఒకే తెలుపైపోయాయి. జింకలు వాటి కింద నుంచే దూరి వస్తున్నాయి. ఎన్నికలు అయిపోయాక నాయన నాయకుల ఫ్లెక్సీలు తెచ్చి కట్టాడు. కొన్నాళ్ళు పనిచేశాయి. తర్వాత జింకలు వాళ్ళనూ పట్టించుకోవడం మానేశాయి.

నేను తెచ్చిన పుస్తకం నాయన కంటబడింది. ఆయన చదువు ఐదో తరగతి. అరుగు మీద కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకుని, ఉడుమునూ నక్కనూ దాటేసి సరాసరి జింక పాఠానికి వెళ్ళాడు. అది చదివాడు, మళ్ళీ చదివాడు. దానికి చూపు బాగుంటుందా, వాసన బాగా తెలుస్తుందా, ఎండకు యాడ పడుకుంటుంది అని నన్ను అడిగాడు. నా సర్వీసులో ఏ పిల్లవాడూ ఇన్ని ప్రశ్నలు వేయలేదు. నాకు సంతోషమేసింది. వన్యప్రాణుల మీద ఆసక్తి పెంచడమే ఈ పుస్తకం ఉద్దేశం అని ముందుమాటలో రాశారు కూడా.

మగ జింక తన తావును కాపాడుకుంటుంది, ఇంకో మగజింకను అందులోకి రానివ్వదు అని రాసిన చోట నాయన ఆగిపోయాడు. పుస్తకం మూసి, ఆ ఫ్లెక్సీ మళ్ళీ బడికి ఇచ్చేయాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

"అయితే చేనికి కడ్తా. ఇంత పెద్ద మొగది నిలబడుంటే ఇంగోటి యాడొస్తాది?"

అది బొమ్మ అని జింకలకు తెలిసిపోతుందన్నాను.

"నాయకులవి గూడా బొమ్మలే గదా పాపా. చూసి మనం లేసి నిలబడ్తాండామా లేదా?"

ఫ్లెక్సీ తెచ్చి ఆయన చేతికిచ్చాను.

గుట్ట వైపు, మంద దిగే చోట, రెండు వాసాలు పాతి కట్టాడు. రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా కనిపించేది. పనిచేసిందనే చెప్పాలి. మందను నడిపే మగది అవతలి గట్టు దాకా వచ్చి నిలబడేది. బొమ్మను చూసేది. తల ఎత్తి ఇంకోసారి చూసేది. ఆ తర్వాత మందను తీసుకుని వెనక్కి పోయేది. ఇది పుస్తకం గొప్ప అని నాయన. పొద్దున్నే పోయి పాత నూనె డబ్బా వాయిస్తున్న తన గొప్ప అని అమ్మ. ఈ విషయంలో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు గానీ, పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు చేను దగ్గర ఉండి తీరాలన్న దాంట్లో ఇద్దరికీ ఒకటే మాట. మొలక పచ్చగా, వరసలు చెదరకుండా నిలబడింది. అంత పచ్చదనం మా చేనిలో చూసి చాలా ఏళ్ళైంది.

ఒకరోజు అటవీ శాఖ జీపు ఒకటి రోడ్డు మీద ఆగింది. అధికారి దిగి ఫ్లెక్సీని చదివాడు. ఇది ఎవరు కట్టారని నాయనను అడిగాడు. జింకల్ని తానెప్పుడూ రాయితో కూడా కొట్టలేదని, వాటిని ఏమీ అనలేదని చేతులు జోడించాడు. అది నిజమే. అధికారికి కళ్ళు చెమ్మగిల్లాయట. ఇంత బీద రైతు సొంత చేనులో 'నన్ను బతకనివ్వండి' అని బోర్డు కట్టుకోవడం తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. నాయన్ను బొమ్మ పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. జరిమానా వేయడానికే ఫొటో తీశారని నాయన ఆ రాత్రి అన్నం తినలేదు.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. మండలంలో వన్యప్రాణుల మీద అవగాహన సదస్సు. అందులో నాయనకు సన్మానం. హెడ్మాస్టరు నన్ను పిలిచి, ఆ పెట్టెను మొదట గుర్తించింది తానేనని గుర్తుచేశారు. నాయన రానన్నాడు. అమ్మ ఆయన్ను ఒప్పించింది. మా ఇంట్లోంచి స్టేజీ ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు, తాను అది చూడాలంది. పెద్ద అధికారులు వస్తారంటే నాయనకూ ఒక ఆశ పుట్టింది. సోలార్ కంచె ఏమైనా ఇప్పిస్తారేమో అడగవచ్చని. కార్యక్రమం పొద్దున పదింటికి, మధ్యాహ్నం భోజనాలతో అయిపోతుంది. పొద్దు వాలేలోపు తిరిగి వచ్చేయొచ్చు. పక్క చేలవాళ్ళను చూడమందామంటే ఎవరి చేను వాళ్ళకే సరిపోయింది. అమ్మ తెల్లవారగట్ల పోయి డబ్బా వాయించి వచ్చాక, నాయన బండి మీద ఇద్దరూ బయల్దేరారు. నేను బడిపిల్లలతో ఆటోలో వెళ్ళాను.

ముఖ్య అతిథి మధ్యాహ్నం దాకా రాలేదు. దారిలో ఉన్నారన్నారు. భోజనాలు పెట్టేశారు. ఇంకా దారిలోనే ఉన్నారు. మా పిల్లలు పెట్టెలో వచ్చిన అట్ట మొహాలు కట్టుకుని జింకలై ఎగిరారు. అతిథి రాలేదు కాబట్టి మళ్ళీ ఎగిరారు. నాయన స్టేజీ మీద చివరి కుర్చీలో కూర్చుని కిటికీలోంచి ఎండను చూస్తున్నాడు. నీడ ఎదురు గోడ ఎక్కడం నాకూ కనిపిస్తూనే ఉంది. ఆయన మెల్లగా దిగి హెడ్మాస్టరు దగ్గరకు వెళ్ళి, తాను పోతానని, శాలువా పాపకు ఇవ్వమని అడిగాడు. శాలువా కప్పేది మనిషికేనని హెడ్మాస్టరు ఆయన్ను భుజాలు పట్టి కూర్చోబెట్టారు. అమ్మకు బండి నడపడం రాదు. వచ్చి ఉంటే సన్మానం వదిలేసి పోయేదే. ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళతో డబ్బా వాయిస్తున్నట్టు కొట్టుకుంటూ కూర్చుంది.

అతిథి వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. మనిషి, జింక కలిసి బతకడం గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు. మా చేనును తలుచుకుంటూ కూర్చున్నాను. తర్వాత శాలువా కప్పారు. జరీ అంచు, మెరిసే ఎర్ర శాలువా. ఫొటోలయ్యాక నాయన చేతికి మైకు ఇచ్చి, జింకల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

"అందరికీ నమస్కారం. పొద్దు గూకుతాండాది. నా చేను కాడ ఇప్పుడు ఎవురూ లేరు. నేను పోవల్ల."

మైకు కింద పెట్టి దిగిపోయాడు. సభ నడిపే ఆయన మైకు అందుకుని, సన్మానం కంటే మూగజీవాలే ముఖ్యమనుకునే మనసు ఎలా ఉంటుందో మనం ఈరోజు కళ్ళారా చూశామన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. సోలార్ కంచె సంగతి నాయన అడగనే లేదు.

పిల్లల్ని దింపేసి నేను తిన్నగా చేను దగ్గరికి వెళ్ళాను. మంద అప్పుడే పోతోంది. మసక వెలుతురులో ఒకదాని వెనక ఒకటి గట్టు మీదుగా దూకుతున్నాయి. నేల తాకుతున్నట్టే లేదు. అందంగానే ఉంది, ఆ మాట దాచడమెందుకు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియదు. వాటి మీద మాత్రం కాదు.

గుట్ట వైపు సగం చేను మొండి కాడలే. నాయన గట్టు మీద శాలువాతోనే కూర్చుని ఉన్నాడు. తీయడం మరిచిపోయినట్టున్నాడు. అమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది, వాయించలేదు. సాయంత్రం గాలికి ఒక వాసం విరిగి ఫ్లెక్సీ నేల మీద పడి ఉంది. 'నన్ను బతకనివ్వండి' మీద డెక్కల మట్టి ముద్రలు. ముగ్గురం ఇంటికి వచ్చి అన్నం తిన్నాం.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, నాయన ఒక్కడే కిటికీ వైపు చూస్తున్నాడు. బడిలో పెట్టుకోవడానికి శాలువా పంపమని హెడ్మాస్టరు కబురు చేశారు. అది అప్పటికే చేనిలో ఉంది. ఫ్లెక్సీ ఉన్న చోట నాయన దాన్ని కట్టేశాడు. జరీ ఎండకు తళుక్కుమంటోంది. మిగిలిన సగం చేను ఆ వైపు నుంచి జింకల పాలు కాలేదు. మిగతా మూడు వైపుల నుంచీ అంతో ఇంతో పోతూనే ఉంది. చివరికి వచ్చిన కాయలు మళ్ళీ ఏడాది విత్తనానికి కూడా చాలలేదు.

ఆ చిన్న పుస్తకం చివరి పేజీలో ఒక మాట ఉంది. 'మీ ప్రాంతంలో వన్యప్రాణులతో మీ అనుభవం ఏమిటి? మీకు ఇంకేం కావాలి? మాకు రాయండి. అన్నీ ఉచితంగా పంపుతాం.' కాయలు పీకిన సాయంత్రం నాయన ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు.

"రాయి పాపా. శాలువాకు జింకలు బెదురుతాండాయి. మాకు ఇంగా మూడు దిక్కులు ఉండాయి. మూడు సన్మానాలు చేసి పంపమను."

నవ్వుతున్నాడేమోనని ఆయన మొహం చూశాను. నవ్వడం లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పోస్టులో వేశాను. వానలకు ముందు జవాబుగా ఇంకో పెట్టె వచ్చింది. చార్టులే. నాయన పెట్టె అడుగు దాకా వెతికి చూసి, అమ్మ వైపు తిరిగి, బీరువాలో జరీ ఉన్న కొత్త చీరలు ఏమున్నాయని అడిగాడు.