ప్లేట్‌లెట్లు ఎక్కువున్నాయని చెప్పాను

మా వీధిలో ఎవరు రక్తపరీక్ష చేయించుకున్నా కాగితం నా దగ్గరికి తెచ్చేవారు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. అంకెలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. డెంగీ వచ్చి పోయినప్పటి నుంచి మా ఊళ్లో అందరికీ ప్లేట్‌లెట్ల లెక్కే ముఖ్యం. తగ్గితే అనంతపురానికి పరుగు, ఎక్కువుంటే నిశ్చింత. ఆ లెక్క చెప్పేది నేను.

మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లు. ఏడు రోజులైనా జ్వరం వదల్లేదు. చెల్లెలు పొద్దున్నే రిపోర్టు తెచ్చింది.

"నాలుగు లక్షల ఎనభై వేలుండాయి. నీకూ నాకూ కలిపినా ఇన్నుండవు. భయపడాకు పో" అన్నాను.

"కండ్లు ఎర్రగుండాయి కదన్నా. నాలిక గూడా పొక్కినట్లుండాది. టౌనుకు పోదామనుకుంటాండా."

"ఎండలు చూడ్లేదా? నీకు ఊరికే బస్సెక్కాలని."

ఆమె నవ్వింది. "నువ్వు చెప్పినాక ఇంగేముండాది లే."

అదే కాగితంలో కింద సీఆర్పీ అని ఇంకో అంకె ఉంది. తొంభై ఆరు. ఆరులోపు ఉండాలని పక్కనే రాసి ఉంది. అదేమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మడిచి ఇచ్చేశాను.

మూడు రోజులకు పాప వేళ్ల చివర చర్మం ఊడసాగింది. అప్పుడు ముగ్గురం టౌనుకు వెళ్లాం.

"ఇది రక్తనాళాలు వాచే జబ్బు" అన్నారు పిల్లల డాక్టరు. "గుండె నాళాలకు ముప్పు. ఏ ఒక్క పరీక్షతోనూ తేలదు. కళ్లు, నాలుక, వేళ్లు చూసి, ఈ అంకెలన్నీ కలిపి చదవాలి. సీఆర్పీ ఇంతుందంటే ఒంట్లో వాపు ఉన్నట్టు. ప్లేట్‌లెట్లు పెరగడం కూడా ఒక గుర్తే. పది రోజుల్లోపు మందు పడాలి, ఈరోజు పదోది. మూడు రోజుల కిందటి కాగితం ఇది, ఎవరికీ చూపలేదా?"

నేను గోడవైపు చూశాను.

"లేద్సార్. నేనే ఆలస్యం చేసినా" అంది చెల్లెలు.

డాక్టరు ఆమెను గట్టిగా తిట్టారు. నేను పాపను ఎత్తుకుని పక్కనే నిలబడి అంతా విన్నాను.

మందు అప్పుడే మొదలుపెట్టారు. స్కానింగులో ఒక నాళం కొద్దిగా వెడల్పయిందని, ఆరు వారాలకు మళ్లీ చూడాలని చెప్పారు. బయట బెంచీ మీద, నా పేరెందుకు చెప్పలేదని చెల్లెల్ని అడిగాను.

"అంతమందిలో నిన్ను అరుస్తాడు కదన్నా."

అప్పుడు సీఆర్పీ సంగతి చెప్పాను. చూసి కూడా నోరు మూసుకున్నానని. ఆమె లేచి పాప మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆరు వారాల స్కానింగుకు నాకు చెప్పకుండా వెళ్లొచ్చింది. నాళం సర్దుకుందని పక్కింటావిడ చెబితే తెలిసింది.