చార్టు మార్చిందెవరు

డయాలసిస్ విభాగంలో ఎనిమిది మంచాలు. ఏ రోగి ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ మంచం మీద పడుకోవాలో ఎక్సెల్ చార్టులో ఎక్కించడం ఆమె పని. రోగులు ఆమెను చార్టమ్మ అనేవారు. విభాగానికి ఇన్‌ఛార్జి సిస్టర్ ఎవరో కాదు, ఆమె తోడికోడలే. ఇంట్లో అక్క, ఇక్కడ మేడమ్. రెండుచోట్లా పెత్తనం ఒకరిదే.

ఒక సోమవారం పొద్దున రిటైరైన లెక్కల మాస్టారు కాళ్లు వాచి, ఆయాసపడుతూ వచ్చారు. చార్టులో ఆయన పేరు లేదు. ఆయన మంచం మీద ఇంకెవరో ఉన్నారు.

"శనివారం నా కళ్లముందే టైపు చేశావు కదమ్మా!" అన్నారాయన గోడ పట్టుకుని.

"మీరు కూర్చోండి మాస్టారూ. ఈమె ధ్యాస ఎక్కడుంటుందో ఆ దేవుడికే తెలియాలి," అంది తోడికోడలు, వార్డంతా వినేలా.

సాయంత్రం దాకా ఆయనకు మంచం దొరకలేదు. ఆయన కూతురు చార్టమ్మ మొహం మీదే అడిగేసింది: "మీ ఇంట్లో మనిషైతే ఇలాగే చేస్తారా?"

ఆ నెలలో అలా జరగడం మూడోసారి. ఇంటికి వెళ్లేసరికి కబురు ముందే చేరింది. బావగారు లేచి టీవీ సౌండు పెంచారు. మొగుడు మాత్రం ఫోన్లోంచి తలెత్తకుండా, "వదిన చెప్పినట్టు వినొచ్చు కదా, ఎందుకలా పరువు తీస్తావు?" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం పక్కన పెట్టి, ఎక్సెల్ తనంతట తానే పని చేసేలా ఆదేశాలు రాసే మాక్రోలు నేర్చుకుంది. చార్టును ఎవరు సేవ్ చేసినా, తేదీ, టైముతో ఒక కాపీ తనంతట తానే వేరే ఫోల్డర్లో పడాలి. మొదటిసారి ఎర్రర్ వచ్చింది. గంటకూ నిమిషానికీ మధ్య రెండు చుక్కలు పెట్టింది. ఫైలు పేరులో అవి చెల్లవు. తీసేసి అడ్డగీత పెట్టింది. ఒకే నిమిషంలో రెండుసార్లు సేవ్ చేస్తే రెండో కాపీ మొదటిదాన్ని మింగేసింది. సెకన్లు చేర్చింది. చివర ఎవరి లాగిన్‌తో సేవ్ అయిందో ఆ పేరూ తగిలించింది. ఫైలు తెరవగానే మాక్రోకి అనుమతి అడుగుతూ పైన వచ్చే పసుపు పట్టీ నొక్కకపోతే మాక్రో పనిచేయదు. తోడికోడలు అది చచ్చినా నొక్కదు. అందుకని నొక్కేదాకా చార్టే కనబడకుండా దాచేసింది.

మూడు వారాల్లో నూట పద్దెనిమిది కాపీలు పడ్డాయి. అందులో తొమ్మిది ఆమె డ్యూటీ దిగి వెళ్లాక, తోడికోడలి లాగిన్‌తో. ప్రతిదాంట్లో ఒక పాత పేరు మాయం, ఒక కొత్త పేరు ప్రత్యక్షం.

ప్రింట్లు తీసి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది కాదని ఇప్పుడైనా రాసివ్వండి సార్."

ఆయన రెండు కాగితాలు తిప్పాడు. మూడోది ముట్టుకోలేదు. "నిన్నెవరు చెయ్యమన్నారు ఇదంతా? ఆ మాక్రో ఏదో తీసెయ్ ముందు."

ఆ కొత్త పేర్లు ఎవరి చుట్టాలవో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"తీసేస్తాను సార్. తీసెయ్యమని మీరు కాగితం మీద రాసి సంతకం పెట్టండి. కింద తేదీ, టైము కూడా వెయ్యండి."

"బయటికి నడు!" అని అరిచాడాయన.

వరండాలో తోడికోడలు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెద్ద డాక్టరే ఫోన్ చేసి ఫలానావాళ్లని ఎక్కించమంటే కాదనగలనా?"

"మరి నా మీదెందుకు తోశావు అక్కా?"

"ఎవరో ఒకరి మీద తొయ్యాలి కదే. ఇంట్లోదానివి, నోరెత్తవనుకున్నా."

ఆమె చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయింది.

డాక్టరు ఏ కాగితమూ రాసివ్వలేదు. మాక్రో అలాగే ఉంది, పేర్లు మాయమవడం ఆగింది. అయితే ఆమెకు ఆదివారాలు వరసగా డ్యూటీ పడింది. గూఢచారి వచ్చిందంటూ టెక్నీషియన్లు మాటలు ఆపేసేవారు. తప్పు ఈమెదేనన్న నమ్మకంతో మాస్టారి కూతురు ఎదురుపడినా పలకరించేది కాదు.

ఇంట్లో తోడికోడలు వంట వేరు చేసింది. ఈమె వెనక గదిలో చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుంది. ఎటు తినాలో తేలక మొగుడు వారం రోజులు హోటల్లో తిన్నాడు. ఎనిమిదో రోజు వచ్చి చిన్న పొయ్యి పక్కన కూలబడ్డాడు. ఆమె కంచం పెట్టి వడ్డించి, తన కంచం తీసుకుని అటు తిరిగి కూర్చుని తింది.