చూపించని మడి

ఆ రోజుల్లో నాకు నమ్మకం ఉన్నవి రెండే: తేదీ, అంకె. మూడోదాన్ని నమ్మవలసిన అవసరం జీవితంలో వస్తుందని అనుకోలేదు. గణాంక శాఖలో కొత్తగా చేరి, ఒంగోలు చుట్టుపక్కల వరిపొలాల్లో పంటకోత ప్రయోగాలు చేయించేవాణ్ణి. ఏ మడిలో కోయాలన్నది సంఖ్యల పట్టిక ముందే నిర్ణయిస్తుంది. ఆ మడిలో తాడుతో చదరం కొలిచి, అందులో పండినంతా కోయించి, నూర్పించి, తూచి, బరువును పై అధికారికి రాసి పంపాలి. మనిషి ఇష్టాయిష్టాలకు అందులో చోటు లేదు. (ఆ ఉద్యోగం నాకు అంతగా నచ్చడానికి కారణం అదే.) ఒక ఊళ్లో పట్టిక చూపిన మడి మురుగుకాలువ పక్కన, చూడటానికి మోకాటి లోతే అనిపించే బురదలో ఉంది. ఊరి పరువు కాపాడదలచిన మునసబు గారు నన్ను మరోవైపు నడిపించుకుపోయి, కంకుల బరువుకు వంగిపోయిన మడి ఒకటి చూపించి, "అక్కడ ఏముంది బాబూ, జలగలు తప్ప. ఇక్కడ కోయించుకోండి. ఆనక మా ఇంట్లో గోంగూర పచ్చడి, గడ్డ పెరుగు" అన్నారు.

"చూపించిన మడి లెక్కలోకి రాదండీ" అని నేను ఎంతో గంభీరంగా పలికి, వెనక్కి నడిచి, పట్టిక చెప్పిన బురదలోనే దిగాను. గంభీరత నడుముదాకా మునిగింది. కొత్త చెప్పుల్లో ఒకటి ఆ మడికే నైవేద్యమైంది. ఒంటి చెప్పుతో బస్సెక్కి ఆఫీసు చేరాను. ఆనాటి నుంచి బదిలీ అయ్యేదాకా అక్కడ నా పేరు 'ఒంటి చెప్పు' అని స్థిరపడింది. పెళ్లయిన కొత్తలో ఎవరో ఈ కథ మా ఆవిడ చెవిన వేస్తే ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "రెండోది కూడా అక్కడే వదిలేసి వస్తే ఎవరికైనా పనికొచ్చేది కదండీ" అంది. గోంగూర పచ్చడి పోగొట్టుకున్నందుకు మాత్రం చాలాకాలం నన్ను క్షమించలేదు.

ఇంత దూరం నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఉద్యోగ విరమణ చేశాక మేమిద్దరం సిడ్నీకి, రౌస్ హిల్‌లో మా అమ్మాయి ఇంటికి చేరాము. ఇక్కడి తెలుగువారు కొద్దికాలంలోనే నాకు 'లెక్కల అంకుల్' అని కొత్త పేరు పెట్టారు. ఇంటి అప్పు వడ్డీ తగ్గిందా, మెట్రో పార్కింగు ఎన్ని గంటలకు నిండిపోతుంది వంటి సందేహాలన్నీ నా దగ్గరకే వచ్చేవి. మా ఆవిడకు చక్కెర వ్యాధి. ఉదయం వేలు గుచ్చుకుని చూసుకునేది, వంటింట్లోంచే అంకె చెప్పేది, నేను ఫ్రిజ్ తలుపుకు అతికించిన గళ్ల కాగితంలో చుక్క పెట్టేవాణ్ణి. కొన్ని ఉదయాలు "స్ట్రిప్పులు అయిపోయాయండీ" అనేది, కొన్నిసార్లు "మరిచిపోయి కాఫీ తాగేశాను" అనేది. ఆ గడి ఖాళీగా వదిలేవాణ్ణి. చుక్కలు కలిపితే వచ్చిన గీత ఎంత సమంగా ఉండేదంటే, ఇంటికి వచ్చినవాళ్లకు దాన్ని చూపించి పథ్యం గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చేవాణ్ణి. మా ఆవిడ ఆ సమయంలో అరటికాయ బజ్జీలు వడ్డిస్తూ ఉండేది. నిరుడు శీతాకాలంలో, అంటే ఇక్కడి జులైలో, ఆమె గుండె ఆగిపోయింది. చక్కెర చాలాకాలంగా అదుపు తప్పి ఉందని ఆసుపత్రివారు చెప్పారు. వారి యంత్రంలో లోపం ఉండవచ్చునని నేను వారితో వాదించాను. నా గీత నా దగ్గర ఉంది కదా.

మా మనవరాలు అప్పుడు పన్నెండో తరగతి చదువుతోంది. ఈ దేశంలో పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. వాళ్ల అమ్మమ్మతో మాత్రం ఎలా మాట్లాడేదో, ఇద్దరూ గంటలకొద్దీ గుసగుసలాడుకునేవారు. ఆ పిల్లకు అమెరికాలో చిన్న చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలలో చదవాలని కోరిక. అక్కడ రసాయన శాస్త్రమూ సంగీతమూ ఒకే డిగ్రీలో చదువుకోవచ్చునట, తరగతికి పదిహేనుమందికి మించి ఉండరట. వాటిలో ఒకటి, కొండల మధ్య ఉన్నది, ఆమె మనసులో పడింది. అమ్మమ్మ పోయిన మూడు వారాలకు వెళ్లి ప్రవేశ పరీక్ష రాసింది. స్కోరు ఆమె స్థాయికి తగినట్టు రాలేదు. దాన్ని ఆ కాలేజీకి పంపాలా వద్దా అన్నది ఇంట్లో ప్రశ్నయింది. పంపడం తప్పనిసరి కాదని కాలేజీయే చెబుతోంది. పంపితే ఆ అంకెను బట్టి చూస్తారు, పంపకపోతే మిగతావి చూస్తారు.

మా అల్లుడిది వరంగల్. అతను అడిగినది ఒక్కటే: "మామయ్యా, అసలు కటాఫ్ ఎంత? లాస్ట్ ఇయర్ ఏ స్కోర్ దాకా సీట్ వచ్చింది?" ఎంసెట్ కౌన్సెలింగ్ చూసిన ఇంట్లో మరో ప్రశ్న పుట్టదు. నేనూ ఆ కళ్లతోనే పని మొదలుపెట్టాను. ఇరవై కాలేజీలు ప్రకటించిన అంకెలు తీసి ఒక పట్టిక తయారుచేశాను. చేరినవారిని మార్కుల వరుసలో నిలబెట్టి, పై పావువంతునూ కింది పావువంతునూ తీసేసి, నడిమి సగం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో ఆ కాలేజీలు చెబుతాయి. ఆ కింది గీతనే మేము చివరి ర్యాంకు అనుకున్నాము. (ఆ గీత కింద కూడా పావువంతుమంది చేరి చదువుకుంటున్నారన్న సంగతి ఇద్దరు పెద్దమనుషులకు తట్టలేదు.) ఆశ్చర్యం ఏమిటంటే, చాలా పేరున్న కాలేజీలకంటే మనవరాలి కొండల కాలేజీ నా పట్టికలో పైన నిలిచింది. పిల్ల స్కోరు దాని కింది గీతకు అరవై పాయింట్లు తక్కువ. అల్లుడు నిట్టూర్చి, దాన్ని మరిచిపోయి ఇక్కడి యూనిలే (అంటే యూనివర్సిటీలే) చూసుకుందామన్నాడు. మనవరాలు తన గదిలోకి వెళ్లిపోయింది.

లెక్కను రెండోసారి చూడకుండా వదిలే అలవాటు నాకు లేదు. వారం తరువాత మళ్లీ చూస్తే, ఒక్కో కాలేజీ ఒక్కో రకంగా చెబుతోందని తేలింది. కొన్ని అందరి దగ్గరా స్కోరు అడిగి అందరి లెక్కా చెబుతున్నాయి. కొన్ని పంపినవారి లెక్క మాత్రమే చెప్పి, ఎంతమంది పంపారో పక్కన రాస్తున్నాయి. కొన్ని అదీ రాయడం లేదు. కొండల కాలేజీలో స్కోరు పంపినది మూడోవంతుమంది. మంచి స్కోరు వచ్చినవారే పంపుతారు కనుక గీత ఆకాశానికి ఎక్కింది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇది మునసబు గారి మడి!

ఆ ఆదివారం మధ్యాహ్నం పెరట్లో అల్లుడు బార్బీ పొయ్యి వెలిగించి మొక్కజొన్న పొత్తులు కాలుస్తుండగా, నా ఉపన్యాసం సాగింది. ఆ కాలేజీ చూపించిన మడినే కోస్తోందని, మనం మాత్రం అటువంటి పని చేయరాదని, ఉన్న స్కోరు ఉన్నట్టు పంపడమే మర్యాద అని, మార్కు దాచుకోవడం మా వంశంలో లేదని సెలవిచ్చాను. ఒంటి చెప్పు కథ కూడా మరోసారి చెప్పాను. మా అమ్మాయి, "నాన్నా, దానికది డ్రీమ్ కాలేజీ. వదిలెయ్యండి" అంది. నేను వదలలేదు. పిల్లనే నేరుగా అడిగాను, దాస్తే దానికి మనశ్శాంతి ఉంటుందా అని.

మనవరాలు పొత్తు పక్కన పెట్టింది. "తాతయ్యా, ఎవ్రీవన్ డజ్ ఇట్. అమ్మమ్మ కూడా చేసింది."

"ఏమిటి చేసింది?"

"బ్యాడ్ నంబర్ వస్తే నీకు చెప్పేది కాదు. స్ట్రిప్స్ ఎప్పుడూ అయిపోలేదు, తాతయ్యా. డ్రాయర్ నిండా ఉండేవి. 'తాతయ్య గ్రాఫ్ పాడైపోతుందే' అని నవ్వేది. ఐ థాట్ యూ న్యూ." ఆ మాట అంటూనే పిల్ల పళ్లెం దూరంగా జరిపింది. "ఐ షుడ్ హావ్ టోల్డ్ సమ్‌వన్. పరీక్షలో అదే ఆలోచిస్తూ కూర్చున్నా."

మొక్కజొన్న మాడిపోతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. నడుముదాకా బురదలో దిగి, చూపించిన మడి లెక్కలోకి రాదన్న మనిషిని నేనే. ఆ మనిషి తన సొంత వంటింట్లో, పక్కనే నిలబడి, ప్రతి ఉదయం చూపించిన మడినే కొలిచాడు. ఖాళీ గడుల మీదుగా స్కేలు పెట్టి గీత కలిపాడు. ఖాళీ గడి కూడా ఒక అంకేనని, కొన్నిచోట్ల అదే అసలు అంకె అని ఉద్యోగంలో ఎంతమంది కుర్రవాళ్లకు పాఠం చెప్పానో! నన్ను సంతోషపెట్టడానికి ఆమె తన మంచి ఉదయాలను మాత్రమే నాకు వడ్డించింది, బజ్జీలు వడ్డించినట్టే.

కాసేపటికి లేచి పిల్ల పక్కన కూర్చున్నాను. ఆ వయసు పిల్లకు అమ్మమ్మ చెప్పిన రహస్యం కాపాడటం ప్రేమ అనిపించడంలో తప్పు లేదని, చూడవలసిన కళ్లు నావని చెప్పాను. తరువాత, "స్కోరు పంపకమ్మా. అది నీ లెక్క కాదు. ఆ మూడు వారాల లెక్క" అన్నాను. నా నోటి నుంచి అటువంటి వాక్యం వినడం అల్లుడికి అదే మొదటిసారి. పొత్తులు తిప్పే పట్టకారు గాలిలోనే ఆగిపోయింది.

పంపలేదు. కొండల కాలేజీ ఆమెను తీసుకోలేదు. పంపి ఉంటే ఏమయ్యేదో తెలియదు, దానికి లెక్క లేదు. ఆ సంగతి రాసి ఊరుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఇప్పుడు కాన్‌బెరాలో యూనికి వెళుతోంది. అక్కడి హారిసన్ పేటలో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఉంటోంది. ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. ఫ్రిజ్ మీది పాత కాగితం తీయలేదు. దాని పక్కన నా రక్తపోటు కాగితం కొత్తగా చేరింది, అందులో గీత కొండల్లాగే ఉంటుంది.

పోయిన ఆదివారం, "ఎలా ఉన్నావమ్మా?" అన్నాను. "ఆల్ గుడ్, తాతయ్యా" అంది.

"మంచిది. ఇది ఎంత శాతం రోజుల లెక్క?"

అవతల నవ్వింది. అచ్చం వాళ్ల అమ్మమ్మ నవ్వే. అప్పుడు నెమ్మదిగా, మంగళవారం నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నేను కలం పక్కన పెట్టి విన్నాను. ఈసారి రెండు చెప్పులూ బురదలోనే ఉన్నాయి.