అల్లం కోసే చోట ఎలక్షన్ ముచ్చట్లు

మా చిన్నప్పుడు ఎలక్షన్లంటే ఎండాకాలం... విత్తనపు అల్లం కోసే రోజులు...

జహీరాబాద్ పక్కన మా ఊళ్లో, కొట్టం నీడకు గోనె సంచులు పరిచేవాళ్లు. మధ్యలో అల్లం కుప్ప. దాని చుట్టూ మా నాయినమ్మ, మేం బాపు అని పిలిచే మా నాన్న, ఆయన తమ్ముడు, అంటే మా కాక, కత్తులు పట్టుకుని కూర్చునేవాళ్లు. ప్రతి ముక్కకూ ఒక మొలక ఉండేలా చూసి కోయాలి. మొలక లేని ముక్కను భూమిలో పెడితే కుళ్లిపోతుంది. నేనూ మా తమ్ముడు రవీ కోసిన ముక్కలను గంపలకెత్తేవాళ్లం. సాయంత్రానికి చేతులు ఒకటే మంట... ఆ చేత్తో కళ్లు నలుపుకున్నామా, ఇక చూడాలి మా ఏడుపు!

బాపుది ఒక పార్టీ. కాకది దానికి బద్ధ విరోధి పార్టీ. ఢిల్లీలో ఎవరు కూర్చోవాలనే దాని మీద మా కొట్టంలో గొడవ నడిచేది. ఊరంతా వినేలా అరుచుకునేవాళ్లు. కానీ అక్షరం ముక్క రాని మా నాయినమ్మకు ఒక పట్టింపు ఉండేది.

"పక్కోన్ని తిట్టేటోడు ముందుగాల తనోని తప్పు ఒక్కటి చెప్పాలె. చెప్పరాకుంటే కత్తి కింద పెట్టి లేవుండ్రి" అనేది.

"గదేందే అవ్వా, ఎలక్షన్లకు అల్లానికి ఏం సంబంధం?" అని కాక ఒకసారి విసుక్కున్నాడు.

"తనోని తప్పు కనవడనోనికి ముక్క మీద మొలక గూడ కనవడదు. ఇత్తనమంత ఖరాబ్ చేస్తడు" అంది.

ఆ రోజు మొదటి వంతు బాపుది. చాలాసేపు తల గోక్కున్నాడు. "ధరలు తగ్గిస్తనన్నడు మావోడు... పెంచిండు" అన్నాడు చివరికి. కాక పకపకా నవ్వాడు.

"ఇగ నీ వంతురా" అంది నాయినమ్మ.

కాక కత్తి అక్కడ పడేసి లేచి వెళ్లిపోయాడు. చేను చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, కుండలో నీళ్లు తాగి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "మావోడు ఓట్ల కోసం మనిషికీ మనిషికీ కొట్లాట పెడుతుండు... అది తప్పే" అన్నాడు మెల్లగా.

బాపు తన బీడీ కట్టను కాక వైపు జరిపాడు. పోలింగ్ రోజు ఇద్దరూ ఒకే ఎడ్లబండిలో వెళ్లి, ఒకరి ఓటుకు ఒకరు గండికొట్టుకుని, అదే బండిలో తిరిగొచ్చి పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు...

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడింది. జహీరాబాద్‌లో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్తాను. "జవాబు రాస్తే సరిపోదు, ఎట్ల వచ్చిందో చూపియ్యి" అని పొద్దస్తమానం అరిచేది నేనే. రవి ఇదే ఊళ్లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మాదీ చెరో పార్టీ.

ఈసారి ఎలక్షన్లప్పుడు రవి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. నా పార్టీ వాళ్లు పక్క మండలంలో ఎవరి ఇల్లో తగలబెట్టారని. నేను వెతికి పట్టుకున్నాను... ఏళ్ల కిందటిది, వేరే రాష్ట్రంలోది. ఆ సంగతి చెప్పి ఊరుకోవచ్చు కదా? లేదు... "నీ బుద్ధి గడ్డి తిన్నదా" అని చుట్టాలందరి ముందూ కడిగేశాను. వాడు వెంటనే వీడియో తీసేశాడు. ఆ రోజంతా నాకు ఎంత సంబరమో! చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పది రోజులకు రవి పార్టీ మీద నేనొక వీడియో పంపాను. నా మనసుకు నచ్చింది, అంతే... ఎక్కడిదని చూడనే లేదు. గంటలో రవి రాశాడు: "అన్నా, ఇది గూడ పాతదే. జర చూస్కో." ఒక్క తిట్టు లేదు.

అవును, తప్పే అని రెండు ముక్కలు రాస్తే నా సొమ్మేం పోయేది? నేను రాసింది ఇది: "నీ అసుంటోళ్లతోనే దేశం పాడైతుంది. ఇంకోపారి నా గడప తొక్కకు."

వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నా గడప కూడా మళ్లీ తొక్కలేదు.

ఫలితాలొచ్చాయి. మా గల్లీలో మైకు పట్టుకుని నా పార్టీ కోసం గొంతు చించుకున్న ఒక చోటా లీడరు, మూడు నెలలు తిరక్కుండానే రవి పార్టీ కండువా కప్పుకున్నాడు. ఫోటోలో పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఆయన మాటలు పట్టుకుని నేను తోడబుట్టినవాణ్ణి తరిమేశాను... ఆయనకు నా పేరు కూడా తెలియదు.

పోయిన వారం బస్టాండులో రవి కూతురు కనిపించింది. ఇంటర్ చదువుతోంది. అటూ ఇటూ చూసి నా దగ్గరికొచ్చింది.

"పెద్దనాయినా, నేను చెప్పిన అని డాడీతోని అనకు. డాడీకి గుండె ఆపరేషన్ అయింది."

"ఎప్పుడు బిడ్డా?"

"రెండు నెలలైంది. హైదరాబాద్ దవాఖానల పది రోజులున్నం. నీకు చెప్దామని మమ్మీ ఫోన్ తీస్తే డాడీ వద్దన్నడు."

"ఇప్పుడెట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు, ఫికర్ చేయకు" అంటూ బస్సెక్కేసింది.

మా రెండిళ్ల మధ్య నడిస్తే పావుగంట. నా తమ్ముడి ఛాతీ కోసి కుట్టిన సంగతి నాకు రెండు నెలలు తెలియలేదు. ఆ రెండు నెలల్లో ఢిల్లీలో ఎవరు ఎవర్ని ఏమన్నారో అడగండి... పూసగుచ్చినట్టు చెప్తాను.

అప్పటి నుంచి మూడుసార్లు వాడి గల్లీ మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. రావద్దన్నది నేను. ఏ మొహం పెట్టుకుని తలుపు కొట్టను? రోజులు మారిపోయాయని రాయబోయి ఆగాను... మారింది నేను.

మీలో ఎవరైనా ఎలక్షన్ల పుణ్యాన ఇంటి మనిషితో మాట తెంచుకుని, మళ్లీ కలిసినవాళ్లుంటే కింద రాయండి. పార్టీల పేర్లు వద్దు. ఎదురుపడ్డాక మొదటి మాట ఏమన్నారో, అదొక్కటి చెప్పండి... నాకు దొరకడం లేదు.