సిరవారలో ఉండిపోయిన గ్రాఫిక్స్ కార్డ్

కంప్యూటర్ కొనాలన్న ఆలోచన నాది. డబ్బులో సగం అక్కది. గొడవంతా అక్కడే మొదలైంది.

అక్క పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. మా రాయచూరులోనే ఒక స్టూడియోకు వెళ్లి, వాళ్ల మెషిన్ మీద చేసేది. ఇంట్లో మంచి కంప్యూటర్ ఉంటే ఇక పనంతా ఇంటికే పంపిస్తానని ఆ ఓనర్ అన్నాడు. సోమవారంకల్లా చెప్పాలి, లేకపోతే సీజన్ మొత్తం ఇంకొకరికి వెళ్తుంది. ఇక నాకేమో గేమ్స్ కావాలి. ఇన్నేళ్లూ ఫోన్లో ఆడి ఆడి బొటనవేళ్లు మొద్దుబారాయి. ఇద్దరికీ కలిపి ఒకటి కొందామనుకున్నాం.

వారమంతా వీడియోలు చూశాను. సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టాలని ప్రతివాడూ చెప్తాడు. అక్కకేమో ర్యామ్ ఎక్కువ కావాలి, ర్యామ్ ధర చూస్తే రోజురోజుకీ ఎగబాకుతోంది. నేను ర్యామ్ కోసేసి, కార్డ్ పెంచి, ఆ జాబితా ఉన్న ఫోన్ అక్క చేతికిచ్చాను.

"ఏందిరా ఇది? సగం పైసలు నాయి, ర్యామ్ గింతేనా?"

"కార్డ్ లేకుంటే అది గేమింగ్ పీసీ ఎట్లయితదే?"

"గేమింగ్ పీసీ కావాలని నేనన్ననా? వీడియో నడుమల ఆగిపోతే పెండ్లికొడుకు తాళి పట్టుకొని అట్లనే నిలబడ్తడు. ఓనర్ వచ్చి నా మెడ పట్టుకుంటడు."

కోపంతో ఫోన్ లాక్కుని మంచం మీదికి విసిరాను. వెంటనే నేనే వెళ్లి గ్లాస్ పగిలిందేమోనని చూసుకున్నాను. అక్క పగలబడి నవ్వింది. ఇంకా మండింది నాకు.

ఆ రాత్రే పక్కనున్న సిరవార ఊరి కుర్రాడొకడు పెట్టిన ప్రకటన కనబడింది. వాడిన కార్డ్, కొత్తదాని ధరలో సగం. అది దొరికితే అక్క ర్యామ్‌ను తాకక్కర్లేదు, నా కార్డ్ నాకు వస్తుంది. పైగా కార్డ్ ఉంటుంది కాబట్టి, సొంతంగా బొమ్మ చూపించలేని చవక ప్రాసెసర్ సరిపోతుంది. అలా లెక్కంతా ఆ ఒక్క కార్డ్ మీద నిలబెట్టాను. అక్క కూడా ఒప్పుకుంది. "నడిపిచ్చి చూసినంకనే పైసలియ్యి" అని మాత్రం గట్టిగా చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం సిరవారలో బస్సు దిగాను. తాతల కాలంలో కోస్తా నుంచి కాలవ కింది పొలాలకు వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. కుర్రాడిది నా వయసే. చదువుకు బెంగళూరు వెళ్తున్నాడు, అందుకే అమ్మేస్తున్నాడు. మేడ మీద గదిలో కంప్యూటర్ చూపించాడు. కరెంటు లేదు.

"సాయంత్రం వస్తది బ్రో. చూడకుండా పట్టుకెళ్తానంటే నీ ఇష్టం."

ఉంటానన్నాను. వాళ్లమ్మ అన్నం పెట్టింది. నేను ఎడమ చేత్తో ఫోన్ తోస్తూ తింటుంటే, "ముందు తిను బాబూ, అదేం పారిపోదులే" అంది.

చీకటి పడుతుండగా కరెంటు వచ్చింది. నేను ఎన్నాళ్లుగానో వీడియోల్లో మాత్రమే చూసిన గేమ్ నా కళ్లెదుట ఆగకుండా, వణక్కుండా నడిచింది. వేడెక్కేదాకా ఆడి చూశాను. కార్డ్ బ్రహ్మాండంగా ఉంది. కుర్రాడు దాన్ని విప్పి డబ్బాలో పెట్టాడు. ఇద్దరం కిందికి దిగాం. అప్పటికే దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది.

"అదేంట్రా, ఇప్పుడా ఇస్తున్నావ్?" అంది వాళ్లమ్మ. "శుక్రవారం దీపం పెట్టాక ఇంట్లో వస్తువు గడప దాటకూడదు. బాబూ, డబ్బులిచ్చి వెళ్లయ్యా. పొద్దున్నే వచ్చి పట్టుకెళ్దువుగాని."

"వస్తువు పోవద్దు గానీ, పైసలు రావచ్చా?"

"లక్ష్మి వస్తానంటే ఎవరు వద్దంటారయ్యా?"

ఆమె వేళాకోళానికి అనలేదు. కుర్రాడు భుజాలెగరేశాడు. నేను వాకిట్లోకి వచ్చి అక్కకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"సామాను చేతికి రాకుంటే ఒక్క రూపాయి ఇయ్యకు" అంది అక్క.

"అది మంచిగుందే! నేను నడిపిచ్చి చూసిన!"

"ఉంటే ఉండనీ. వాళ్లెవరో మనకెరుకనా? ఇయ్యకు."

లోపలికి వెళ్లేసరికి నా తల వేడెక్కిపోయింది. "మధ్యాహ్నంసంది కూసోబెట్టి ఇప్పుడు శుక్రవారమంటరా? మీకు పట్టింపులు, మాకు పైసలు మునుగుడా?"

ఆమె ముఖం మారిపోయింది. "అన్నం పెట్టిన ఇంట్లో ఆ మాటేంటయ్యా?"

"అమ్మనేం అనకు బ్రో" అన్నాడు కుర్రాడు. "డబ్బులు ఎవడు ముందిస్తే కార్డ్ వాడిదే. నీకోసం ఆపుతానని మాత్రం చెప్పలేను."

జేబులోని కట్టలోంచి ఒక్క నోటు తీయకుండానే బస్సెక్కాను.

శనివారమంతా పంతానికి పోయి, ఆ కుర్రాడే చేస్తాడని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చేయలేదు. ఆదివారం పొద్దున నేనే చేశాను.

"సింధనూరు అతను శుక్రవారం రాత్రే ఫోన్లో డబ్బులేశాడు బ్రో. కార్డ్ చూడను కూడా లేదు. నిన్న వచ్చి పట్టుకెళ్లాడు."

నేరుగా వంటింట్లోకి వెళ్లి అక్క మీద అరిచాను. "నువ్వే ఇయ్యద్దన్నవ్! వాడెవడో ఇచ్చిండు, తీస్కపోయిండు!"

అక్క చేతిలోని గరిటె కింద పెట్టలేదు. "అవ్, నేనే అన్న. రేపు మళ్ల అడిగినా అదే అంట. సగం నాయి గద. ఇప్పుడు చెప్పు, ఓనర్‌కు ఏమనాలె నేను?"

కొత్త కార్డ్ కొంటే ఆమె ర్యామ్ పోతుంది. ర్యామ్ కొంటే నా కార్డ్ పోతుంది. పాతది ఇంకోటి వెతకాలంటే సోమవారం దాటిపోతుంది.

ఆ సాయంత్రం ఇద్దరం కంప్యూటర్ షాపుకు వెళ్లాం. ర్యామ్ ధర అప్పటికి ఇంకొంచెం పెరిగింది. చవక ప్రాసెసర్ వదిలేసి, సొంతంగా బొమ్మ చూపించే ప్రాసెసర్ తీసుకున్నాం. "కార్డ్ నక్కో క్యా?" అన్నాడు షాపతను, వద్దా అన్నట్టు. అక్క నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశాను.

"ఇప్పుడు నక్కో" అంది అక్క.

కరెంటు సరఫరా చేసే డబ్బా మాత్రం పెద్దదే కావాలన్నాను. రేపెప్పుడైనా కార్డ్ పెడితే చిన్నది చాలదు.

"ఎంత ఎక్కువ?" అడిగింది అక్క. చెప్పాను. తన కోసం తీసి పెట్టుకున్న పెద్ద మానిటర్ పక్కకు జరిపి చిన్నది తీసుకుంది. నన్ను ఒక్క మాట అనుంటే పోట్లాడేవాణ్ణి.

సోమవారం కంప్యూటర్ ఆన్ అయింది. అక్క ఓనర్‌కు ఫోన్ చేసి సరేనంది. పని వచ్చేలోగా నేను గేమ్ ఎక్కించాను. అన్నీ బాగా తగ్గించి పెట్టినా అడుగడుగునా ఆగుతోంది. నేను గురి పెట్టేలోపు అవతలివాడు నన్ను కాల్చేస్తున్నాడు. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే.

అక్క ఓనర్ పంపిన హార్డ్ డిస్క్ పట్టుకుని వెనక నిలబడింది.

"లేస్తవారా? మూడు పెండ్లిళ్లు వచ్చినయి."

లేచాను.