కిటికీ దగ్గర అదనపు సమయం

కొత్తవలస దాటి అరకు కొండలెక్కుతున్న ప్యాసింజరులో, నా ఫోన్లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్, స్కోర్లు సమం కావడంతో, అదనపు సమయంలోకి వెళ్లింది. సిగ్నల్ కిటికీ దగ్గరే అందుతోంది. అక్కడ ఒక ముసలామె కూర్చుంది.

"కాసేపు ఇటు జరుగుతావా మామ్మా?"

"ముందొచ్చినోల్లదే కిటికీ," అంది, కొండల మీంచి చూపు తిప్పకుండా.

చేయి చాచి ఫోన్ను చువ్వలకు ఆనించాను. నా జట్టుకి ఎదురాడుతున్నవాళ్లు నిదానంగా ఆడి, సమయం చాలావరకు తినేసి, బంతితో చివరి గీత దాటి పాయింట్లు కొట్టేశారు. నాకు తెలియకుండానే చిన్న కేక పెట్టాను.

"అయిపోనాదేటి?"

"లేదు మామ్మా. ఇదివరకైతే, ముందు బంతి దొరికినవాళ్లు ఇలా గీత దాటేస్తే అక్కడితో ఆట సరి. ఇప్పుడు రూలు మార్చారు. రెండోవాళ్లకీ ఒకసారి బంతి ఇవ్వాల్సిందే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, చీర సర్దుకుని లేచింది.

"అయితే నువ్వు కూకో. బేగి సూడు, గుహలొచ్చెస్తే ఏటీ కనపడదు."

సీటు మారాక నా భుజం మీదుగా వంగి తనూ చూసింది. నా జట్టు పరుగున గీత దాకా వచ్చింది. గడియారంలో ఆఖరి క్షణాలు. బంతి గాల్లోకి లేచింది. అంతలో రైలు సొరంగంలోకి దూరింది, తెర మీద ఆట ఆగిపోయింది.

ఆ చీకట్లో ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది.

"మనం నెగ్గీసినామేటి పిల్లా?"